రేకుకు అటూ ఇటూ ఒక మామిడి అంటు

2022 ఆషాఢమాసం. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు పోయే రోడ్డు పక్కన, ఊరు దాటగానే, కౌలుకు తీసుకున్న కొద్దిపాటి నేలలో నా నర్సరీ ఉంది, మద్దమ్మ నర్సరీ అంటారు. మామిడి, సపోటా, జామ, నిమ్మ, చీనీ మొక్కలు పెంచి అమ్ముతాను. అది సగం పని. మిగతా సగం ఇళ్లకు వెళ్లి పెరటి చెట్లు చూడడం. ఎండుకొమ్మలు కత్తిరించడం, అంటు కట్టడం, పూత రాలిపోతుంటే ఎందుకు రాలుతోందో కనిపెట్టడం. పెద్ద తోటలు చూసేవాళ్లు వేరే ఉన్నారు. నాకు వచ్చేవన్నీ పెరట్లో రెండు మూడు చెట్లున్న ఇళ్లు. పొలంలో చెట్టుకు జబ్బు చేస్తే మందు కొట్టి రావచ్చు. ఇంటి చెట్టుకు జబ్బు చేస్తే ముందు ఆ ఇంట్లోవాళ్ల మాటలన్నీ వినాలి.

అంటు కట్టడం ఓపికస్తుల పని అనుకుంటారు అందరూ. నాకు ఆ ఓపిక లేదు. కట్టిన మర్నాడే టేపు విప్పి చూడాలని చేతులు పీకుతాయి. ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నా ఆ దురద పోలేదు. "నువ్వు పొయ్యి మీద అన్నం గూడా మూత తీసి తీసి చూస్తావు, ఇంగ అదేం ఉడుకుతాది" అంటాడు మా ఆయన. నిజమే. ఈ సంగతి ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఆ వానాకాలం నేను పడిన అవస్థలో సగం చెట్టు పెట్టింది, సగం నా స్వభావం పెట్టింది.

ఒక పొద్దున ఆళ్లగడ్డ బస్సు దిగి ఒకావిడ నేరుగా నర్సరీలోకి వచ్చింది. యాభై దాటిన మనిషి, పేరు సుశీలమ్మ. ఆళ్లగడ్డ బజారులో కిరాణా కొట్టు ఉన్న పుల్లయ్య శెట్టి భార్య. పలకరింపు కూడా లేకుండా సంచిలోంచి ఒక పచ్చి మామిడికాయ తీసి నా చేతిలో పెట్టింది.

"కొరికి చూడు."

కొరికాను. పళ్లు జివ్వుమన్నాయి. అంత పులుపులోనూ వెనక ఏదో కమ్మదనం ఉంది. కండ గట్టిగా, పీచు లేకుండా ఉంది. సీజను అయిపోయాక కూడా కాయ ఇంత గట్టిగా ఉండడం అరుదు.

"ఏ రకమమ్మా ఇది?"

"రకం గికం నాకు తెలీదు. మా అత్త టెంక పెట్టి మొలిపించిన చెట్టు. దీంతో ఊరగాయ పెడితే మళ్లా ఎండాకాలం దాకా ముక్క మెత్తబడదు. ఇట్లాంటిదే నాకొక చెట్టు కావల్ల మద్దమ్మా. అది పోతాది."

"పోవడమేంది?"

చెప్పింది. పుల్లయ్య శెట్టి, ఆయన తమ్ముడు రంగయ్య శెట్టి అంతవరకూ ఒకే ఇంట్లో ఉండేవాళ్లు. ఆ ఎండాకాలంలోనే పంపకాలయ్యాయి. ఇల్లు రెండు ముక్కలైంది. వెనక పెరడులో ఎక్కువ భాగం, చెట్టుతో సహా, తమ్ముడి వాటాకు వెళ్లింది. పెరడు మధ్య ఇనప రేకులు నిలబెట్టారు. రంగయ్యది శనగల వ్యాపారం. కార్తీకంలో చెట్టు కొట్టేసి అక్కడ గోడౌను కట్టబోతున్నాడు. పంపకాల దగ్గర మాటా మాటా పెరిగి రెండిళ్ల మధ్య పలకరింపు కూడా లేకుండా పోయింది.

"పంపకాల్లో నేను ఒక గిన్నె గూడా అడగలేదు. ఆ చెట్టొక్కటి అడిగినా. 'చెట్టునెట్ల పంచేది, కొమ్మలు నీకు, ఏర్లు మాకునా' అని నవ్వినారు అందరూ. నాకు నవ్వు రాలా." సంచి మడుస్తూ మళ్లీ తనే అంది: "మా అత్తకూ నాకూ ఒక్క దినం పడలేదు. నీళ్లు పోసే కాడ మటుకు ఇద్దరం కలిసి పోసినాం. వీధి కొళాయి నుంచి బిందెలు మోసినాం ఆ చెట్టుకు. ఆమె పోయినంక ఆడికి పోయి నిలబడితే ఆమె తిడతాన్నట్టే ఉంటాది. తిట్టే మనిషే. అయినా ఉండాల."

ఆమె మాట విన్నాక నాకు కాలు నిలవలేదు. ఆ మధ్యాహ్నమే ఆళ్లగడ్డ బయలుదేరాను.

టెంక పెట్టుకుంటే సరిపోదా అని చాలామంది అడుగుతారు. మామిడిలో టెంక నాటితే తల్లిచెట్టు కాయే వస్తుందన్న నమ్మకం లేదు. పక్క చెట్టు పుప్పొడి కలిసి ఇంకో రకంగా రావచ్చు, కాయడానికి చాలా ఏళ్లు కూడా పడుతుంది. అదే కాయ కావాలంటే అదే చెట్టు కొమ్మ కావాలి. ఆ కొమ్మను సయాన్ అంటాం. దాన్ని టెంక నుంచి పెరిగిన మామూలు మొక్క మీద కడతాం. కింద ఉండే ఆ మొక్క రూట్‌స్టాక్. వేళ్లు దానివి, కాయ కొమ్మది.

రేకు మీదుగా సుశీలమ్మ వైపు వాలిన కొమ్మలు కొన్ని ఉన్నాయి. వాటి పుల్లలు కోసుకొచ్చి నర్సరీలో సాఫ్ట్‌వుడ్ గ్రాఫ్టింగ్ చేశాను. లేత మొక్క తల కోసి, నడిమి చీల్చి, అందులో సయాన్ పుల్లను చెక్కి దించి కట్టే పద్ధతి అది. వారమైనా గడవక ముందే చూడడం మొదలుపెట్టాను. ఒక్కో పుల్లా నల్లబడుతూ వచ్చింది. చివరికి అన్నీ ఎండిపోయాయి. ఆ పక్క కొమ్మలు నీడలో పెరిగి సన్నబడిపోయినవి, వాటిలో సత్తువ లేదు. మంచి కొమ్మలన్నీ ఎండ తగిలే రంగయ్య వైపే ఉన్నాయి.

ఇక మిగిలింది ఇనార్చింగ్. ఇది పాత పద్ధతి, ఇప్పుడు నర్సరీల్లో పెద్దగా చేయరు. ఇందులో కొమ్మను కోసి తీసుకురారు. మొక్కనే కుండీతో సహా చెట్టు దగ్గరికి మోసుకుపోతారు. మొక్క కాండానికీ చెట్టు కొమ్మకూ ఒక పక్క వేలెడంత పొడవున చెక్కి, చెక్కిన రెండు ముఖాలూ అతికేలా బిగించి కడతారు. కొమ్మ తన చెట్టు మీదే ఉంటుంది, మొక్క తన వేళ్ల మీదే ఉంటుంది. రెండూ బతికుండగానే నెమ్మదిగా కలిసిపోతాయి. కలిశాక అతుకు పైన మొక్క తల, అతుకు కింద కొమ్మ మొదలు కోసేస్తే మొక్క వేళ్ల మీద కొమ్మ నిలబడుతుంది. ముసలి చెట్టుకు ఇంతకంటే నమ్మకమైన దారి లేదు. కష్టమల్లా ఒక్కటే. రెండు నెలలు దాటే దాకా కుండీ ఆ చెట్టు దగ్గరే ఉండాలి. ఎత్తులో, గాలికి ఎండకు ఉంటుంది కాబట్టి దానికి ఎవరో ఒకరు నీళ్లు పోస్తూ ఉండాలి.

అంటే రంగయ్య ఒప్పుకోవాలి.

బజారులో ఆయన అంగడికి పోయాను. శనగల బస్తాల మధ్య కూర్చుని ఫోనులో ఎవరితోనో ధర మాట్లాడుతున్నాడు. ఫోను పెట్టేదాకా నిలబడి, విషయం చెప్పాను.

"మా వదిన పంపించిందా?"

"ఆమె చెట్టు కావాలనింది. మీ దగ్గరికి రావాలనుకునింది నేను."

"నేను చెట్టు ఇయ్యనని యాడన్నా చెప్పినానా? ఆ పొద్దు ఆమె అందరి ముందర నన్ను చెట్టు కొట్టే పాపాత్ముడనింది. ఊరంతా ఇనింది." ఒక గుప్పెడు శనగలు తీసి మళ్లీ బస్తాలో పోశాడు. "కట్టుకో పో. కార్తీకంలో పని మొదలు. దానికోసరం ఒక్క దినం ఆగను. ఇంగొకటి. ఆ ఇంటి మనిషి మా పెరట్లో కాలు పెట్టగూడదు. రావాలంటే నువ్వే రా."

శ్రావణం మొదట్లో చెట్టు కింద, రేకుకు చేరువగా, నాలుగు సరుగుడు కట్టెలు పాతి, పైన పలక వేసి, దాని మీద కుండీ నిలబెట్టాను. పెన్సిలంత లావున్న మంచి కొమ్మ దొరికింది. చెక్కి, అతికించి, పాలిథీన్ టేపుతో బిగించాను. రంగయ్య భార్య జయమ్మ వంటింటి గడప మీద చేతులు కట్టుకుని నిలబడి చూస్తూనే ఉంది.

"అమ్మా, పైమట్టి ఆరినప్పుడు ఒక చెంబు నీళ్లు పోస్తే చాలు. రోజూ అక్కర్లేదు" అన్నాను.

"మాకు పనేం లేదనుకున్యావా?" అని లోపలికి వెళ్లిపోయింది.

అది సరేనో కాదో అర్థం కాలేదు. వీధి చుట్టూ తిరిగి అవతలి ఇంటికి వెళ్లాను. రేకు సందులోంచి చూస్తూ నిలబడి ఉంది సుశీలమ్మ.

"పోస్తానన్యాదా?"

"ఏమీ అనలేదు."

"పోయదు. నాకు తెల్సు దాని సంగతి."

ఆ రోజు నుంచి నాకు మనశ్శాంతి లేదు. నర్సరీలో కుండీలకు మట్టి నింపుతున్నా, ఎవరికో నిమ్మమొక్క ఎంచి ఇస్తున్నా, మనసు ఆ పలక మీదే ఉండేది. వానలేని రోజు ఎండిపోయిందేమో అనుకునేదాన్ని. గాలి లేస్తే కట్టెలు కదిలి అతుకు ఊడిందేమో అనుకునేదాన్ని. ఏదో సాకు పెట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కేదాన్ని. దారిలో శిరివెళ్ల దగ్గర బస్సు ఆగి ఎక్కేవాళ్ల కోసం చూస్తుంటే డ్రైవరు మీద కోపం వచ్చేది. రంగయ్య పెరట్లోకి మాటిమాటికి వెళ్లడానికి ముఖం చెల్లేది కాదు. అందుకని సుశీలమ్మ మిద్దెక్కి అక్కణ్ణుంచి చూసేదాన్ని. ఆకులు పచ్చగా ఉండేవి. అమ్మయ్య అనుకుని దిగేదాన్ని, నంద్యాల చేరేలోపే మళ్లీ అనుమానం మొదలయ్యేది.

ఒకసారి మిద్దె మీంచి చూస్తే కుండీకి ఎవరో తడి గోనెసంచి చుట్టి పెట్టారు. రేకుల వేడి తగలకుండా చుట్టారు కాబోలు. ఆ ఇంట్లో చెట్టు మీద జాలి ఉన్నవాళ్లు ఒకరున్నారని సంతోషించి దిగొచ్చాను.

భాద్రపదంలో, వినాయకుణ్ణి నిమజ్జనం చేసిన మర్నాడు సుశీలమ్మ ఫోన్ చేసింది. గొంతు బొంగురుపోయి ఉంది.

"బేగా రా. సంపినారు."

"ఎవర్ని?"

"మొక్కను! ఆకులన్నీ పసుపు తిరిగి ఏలాడిపోయినాయి. ఉప్పునీళ్లు పోసినారు మద్దమ్మా. ఉప్పు బస్తాల్లో పుట్టి పెరిగినోళ్లం, మాకు తెలీదా ఉప్పు పోస్తే ఎట్ల పోతాదో!"

చేతిలో పని ఎక్కడిదక్కడ వదిలేసి పరిగెత్తాను. నేను చేరేసరికి రేకుకు ఇటు నుంచి సుశీలమ్మ, అటు నుంచి జయమ్మ ఒకరికొకరు కనపడకుండానే అరుచుకుంటున్నారు. పంపకాలయ్యాక ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడిన మొదటి మాటలు అవేనట. నేను రంగయ్య పెరట్లోకి వెళ్లి నిచ్చెన వేసుకుని ఎక్కాను. పైనుంచి చూస్తే ఇద్దరూ కనిపిస్తున్నారు, ఇద్దరి ముఖాలూ ఎర్రగా ఉన్నాయి.

మొక్క ఆకులు నిజంగానే పసుపు తిరిగి వేలాడుతున్నాయి. నాకూ మొదట ఉప్పే అనిపించింది. కానీ ఉప్పు తగిలితే ఆకు అంచులు ముందు మాడతాయి. ఇక్కడ అంచులు మాడలేదు, ఆకు మొత్తం పాలిపోయింది. మట్టిలో వేలు పెట్టాను. వేలు మొదలుదాకా దిగిపోయింది. తీసి వాసన చూస్తే కుళ్లు కంపు. గోనెసంచి నీరు కారుతోంది. కుండీ అడుగున బెజ్జం గోనెపీచుతో పూడుకుపోయింది. మొక్క నీళ్లలో మునిగి ఉంది. వేళ్లకు ఊపిరాడడం లేదు.

"అరుపులు ఆపండి ఇద్దరూ. ఉప్పు లేదు ఏం లేదు. దీనికి నీళ్లు ఎక్కువైనాయి. ఎవరు పోస్తాండారు?"

జయమ్మే ముందు నోరు తెరిచింది.

"నేనే. పొద్దున్నే చెంబెడు. ఎండ కొడతాదని గోనె గూడా చుట్టినా. అంగట్లోంచి కొత్త సంచి తెప్పిచ్చినా దానికోసరం."

"నువ్వా?" అంది రేకు అవతలి నుంచి సుశీలమ్మ. గొంతు మారిపోయింది. "నువ్వు పొయ్యవని నేను పోస్తాండా. నువ్వు తానానికి పోయేటప్పుడు, ఈడ స్టూలేసుకుని, కట్టెకు మగ్గు కట్టి…"

"నువ్వు పోస్తాండావా అక్కా? రోజూనా?"

"రోజూ."

అంతలో రంగయ్య భోజనానికి ఇంటికి వచ్చాడు. రేకుకు అటూ ఇటూ ఆడవాళ్లు, నిచ్చెన మీద నేను. ఏమైందని అడిగి విన్నాడు. విన్నాక అంగీ కాలరు సర్దుకున్నాడు, దగ్గాడు, తులసికోట వైపు చూశాడు.

"సాయంత్రం పూట నేనూ రోంత పోస్తాండా" అన్నాడు.

జయమ్మ నోరు తెరిచి భర్త వైపు చూసింది. "నువ్వా? మొక్క సంగతి నా దగ్గర ఎత్తొద్దంటివి గదా!"

"ఎత్తొద్దన్నా. పొయ్యనన్యానా?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మూడు చేతులు, పైన వాన. పగతో ఎవరైనా ఒక్కరు దాన్ని ఎండగట్టి ఉంటే ఒక చెంబు నీళ్లతో లేపేదాన్ని. ముగ్గురూ ఒకరికి తెలియకుండా ఒకరు కాపాడాలని చూసి దాన్ని చావు దాకా తెచ్చారు. నిచ్చెన మీద నిలబడి ఆ ముగ్గురినీ తిట్టాను. చిన్నంతరం పెద్దంతరం చూడలేదు.

గోనె విప్పి పారేశాను. బెజ్జంలో పీచు లాగేసి, కుండీ పక్కన ఇంకో రెండు బెజ్జాలు పొడిచాను. వాన పడకుండా పైన పాలిథీన్ పరదా కట్టాను. వేలాడుతున్న పాత ఆకులు సగం తుంచాను. ఇక చేయగలిగింది లేదు. అతుకు అప్పటికి కొంత కూడి ఉంటే, ముసలి చెట్టే తన కొమ్మ గుండా జబ్బు మొక్కకు కాస్త సాయం చేస్తుంది. కూడి ఉండకపోతే మళ్లీ కట్టడానికి నా దగ్గర కాలం లేదు.

"ఇంక నీళ్లు ఎవరు పొయ్యాల?" అడిగింది జయమ్మ.

ఒక్కరి పేరు చెబితే రెండోవాళ్లు ఊరుకోరని నాకు తెలిసిపోయింది. "ఇద్దరూ పొయ్యండి. కాకుంటే పోసేవాళ్లు ముందు రేకు మీద తట్టి అవతలివాళ్లను అడగాల, పోసినారా లేదా అని. అడగకుండా చెంబు ఎత్తినారంటే నేను మళ్లా ఈ ఊరికి రాను" అన్నాను. రంగయ్యతో, "మీరు మటుకు పొయ్యొద్దన్నా" అన్నాను. ఆయన తలకాయ ఊపాడు.

ఆ తర్వాత వారాలు నాకు ఎట్లా గడిచాయో నేనే చెప్పలేను. బండి ఆత్మకూరులో ఒక ఇంట్లో జామకు కొమ్మలు కత్తిరిస్తూ పక్క కొమ్మకు బదులు నా వేలు కోసుకున్నాను. ఫోన్ మోగితే భయం, మోగకపోతే ఇంకా భయం. రోజూ పొద్దున సుశీలమ్మకు ఫోన్ చేసేదాన్ని. ఆమె చెప్పేది ఒకటే: "తట్టినా. ఇంగా ఆరలేదంట. పోయలా." ఒకరోజు మాత్రం ఇంకో మాట కలిపింది. "దానికి మోకాలి నొప్పంట. రోంత నూనె కాచి ఇచ్చినా, రేకు మీదనుంచే."

దసరా దాటాక పాత ఆకులు రాలి, కణుపుల దగ్గర ఎర్రగా చిగురు పొడిచింది. టేపు అంచుల్లో అతుకు ఉబ్బి గట్టు కట్టింది. రెండు బెరళ్లు కలిసిన గుర్తు అది. మిద్దె మీద నిలబడి ఆ చిగురు చూసి సుశీలమ్మ చేతులు గట్టిగా పట్టుకున్నాను. ఆమె కూడా వదల్లేదు.

కానీ కలిసిన వెంటనే కోయకూడదు. చిగురు ముదరాలి. తర్వాత కొమ్మ మొదట్లో సగం దాకా గాటు పెట్టి కొన్నాళ్లు ఆగాలి. దాన్ని హాఫ్ కట్ అంటాం. ఆ కొన్నాళ్లలో కొమ్మ తల్లిచెట్టు నీళ్లు తగ్గించుకుని మొక్క వేళ్ల మీద బతకడం నేర్చుకుంటుంది. మామూలు మొక్కయితే నాకు భయం లేదు. ఇది కుళ్లి లేచిన వేళ్లు. వాటికి ఎంత ఎక్కువ కాలం ఇస్తే అంత మంచిది, నా దగ్గరేమో కార్తీకం దాకానే ఉంది.

దీపావళి కాగానే పెరట్లో గోడౌను కొలతలకు సున్నం గీతలు పడ్డాయి. ఒక గీత సరిగ్గా నా కట్టెల కిందుగా పోయింది. రంగయ్య ఫోన్ చేశాడు. "సోమవారం పునాది తవ్వేదానికి జేసీబీ వస్తాంది. ఏం చేస్తావో చేసుకో."

"అన్నా, ఇంకొక్క పది దినాలు."

"ఆగనని ముందే చెప్పినా గదా."

అన్నాడు గానీ ఫోన్ పెట్టలేదు. అవతల బస్తాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"తూర్పు పక్కనుంచి తవ్వమని చెప్తా" అన్నాడు చివరికి. "చెట్టు కాడికి వచ్చేలోపు చూసుకో. మేస్త్రీ నన్ను పిచ్చోడంటాన్నాడు."

సోమవారం ఒక పక్క జేసీబీ మట్టి తోడుతుంటే, ఇంకో పక్క నేను నిచ్చెన మీద గాటు పెట్టాను. మొదటి రోజు మధ్యాహ్నానికి చిగురు వాడిపోయింది. సాయంత్రానికి లేచింది. రెండో రోజూ అంతే. నంద్యాల వెళ్లకుండా సుశీలమ్మ ఇంట్లోనే ఉండిపోయాను. ఏం తిన్నానో గుర్తులేదు. జేసీబీ ఇనప చెయ్యి నేలకు తగిలిన ప్రతిసారీ కుండీ అదిరేది, దాంతో పాటు నేనూ అదిరేదాన్ని. ఆ వారం చివర్లో మధ్యాహ్నం ఎండలో కూడా ఆకు వాడలేదు. ఆ పాటికి పునాది గుంట చెట్టు దగ్గరికి వచ్చేసింది.

కోసేటప్పుడు కొమ్మను ఎవరైనా కదలకుండా పట్టుకోవాలి. జేసీబీని ఆపమని చెప్పి రంగయ్యే వచ్చి పట్టుకున్నాడు. కొత్త బ్లేడుతో అతుకు కింద కొమ్మ కోశాను. అతుకు పైన మొక్క తల కోశాను. ఆయన చేతిలో ముసలి చెట్టు కొమ్మ ఖాళీగా పైకి లేచింది. దాన్ని వదలకుండా కాసేపు అట్లాగే పట్టుకుని నిలబడ్డాడు.

"మా అమ్మ ఈ చెట్టుకే ఊయల కట్టేది" అన్నాడు నాతో.

కుండీని వీధి చుట్టూ తిప్పి తీసుకుపోదామనుకున్నాను. జయమ్మ ఒప్పుకోలేదు. నా చేతుల్లోంచి తీసుకుని రేకు దగ్గరికి నడిచింది. వేళ్ల కణుపులతో రేకు మీద తట్టింది. అవతల స్టూలు జరిపిన చప్పుడైంది. సుశీలమ్మ తల, తర్వాత రెండు చేతులు పైకి వచ్చాయి.

"జాగర్తక్కా. రేకు అంచు కోసుకుంటాది" అంది జయమ్మ.

"పెట్టు. పట్టుకున్యా."

మర్నాడు చెట్టు కొట్టేశారు. రంపం మిషను మోగుతున్నంతసేపూ సుశీలమ్మ వంటింట్లో ఎసరు పెట్టి కూర్చుంది, బియ్యం మాత్రం పోయలేదు. ఆమె ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అంటు బతికింది కదా అని ఎవరైనా అనొచ్చు. బతికింది. అయినా ఆ చెట్టు ఆ చెట్టే.

గోడౌను లేచింది. రేకులు తీసేసి ఇటుక గోడ కట్టారు. అన్నదమ్ములు ఇప్పటికీ పండక్కి ఒకరింటికి ఒకరు పోరు, పెళ్లిళ్లలో కలిస్తే పలకరించుకుంటారట. అంటు గోడకు ఇవతల సుశీలమ్మ పెరట్లో నేలలో పాతుకుంది. మొదటి పూత నేనే వెళ్లి తుంచాను. లేత చెట్టు కాయ మోస్తే ఎదగదని ఎంత చెప్పినా ఆమె కడుపు తరుక్కుపోయింది. 2025 ఎండాకాలంలో కాయ నిలిచింది. ఫోన్ చేసి, నాకొక జాడీ ఊరగాయ ఎత్తిపెట్టమని అడిగాను.

"నీకు యాడిది? రెండిండ్లకే చాల్లేదు" అంది.

మొన్న ఆళ్లగడ్డలో పని పడి ఆ ఇంటికి వెళ్లాను. చెట్టు నాకంటే ఎత్తు పెరిగింది. నేను కాఫీ తాగుతుండగా సుశీలమ్మ ఫోన్ మోగింది. ఆమె తీసి, "పోయలా. నువ్వు చెప్పినాక పోస్తాలే" అని పెట్టేసింది. ఎవరని అడిగాను. గోడ అవతలి జయమ్మ. రోజూ చేస్తుందట. ఆ చెట్టు వేళ్లు లోతుకు దిగాయి, దానికి ఇప్పుడు రోజూ నీళ్లు అక్కర్లేదు. ఆ సంగతి ఇద్దరికీ చెప్పాను. ఇద్దరూ విననట్టు ఊరుకున్నారు.

ఆ వానాకాలం తర్వాత నా పని చేసే తీరు మారింది. ఎవరైనా పెరట్లో చెట్టు పాడైపోతోందని పిలిస్తే, ఇదివరకు ఆకు చూసేదాన్ని, పురుగు కోసం వెతికేదాన్ని. ఇప్పుడు ముందు ఇంట్లోవాళ్లనందరినీ పిలిచి, దీనికి నీళ్లు ఎవరెవరు పోస్తున్నారని అడుగుతాను. తగువులున్న ఇంట్లో అయితే ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఎవరూ పోయట్లేదనే అంటారు. సరేనని వంగి, మట్టిలో వేలు పెడతాను. తడిగానే ఉంటుంది.